పాకాల చెరువుకు 800 ఏళ్లు: అందులోని పరిగె చేప ఈపాటికి వేరే జాతి అయి ఉంటుందా?

నర్సంపేట:
అందరికీ నమస్కారం. పోయిన ఎండాకాలం నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇక్కడైనా తేలుతుందేమోనని రాస్తున్నాను.

మాది నర్సంపేట దగ్గర పల్లె. పాకాల చెరువు పరిగెలు తిని పెరిగినవాణ్ని. పోయిన ఏప్రిల్‌లో రామప్ప దిక్కు చుట్టాలింటికి పోతే అక్కడా పరిగెల కూరే. అత్తమ్మ వాటిని చాటలో పోసి బూడిదతో రుద్దుతుంటే పక్కన కూర్చుని చూశాను. మా పాకాల పరిగె వెడల్పుగా ఉంటుంది, తోక మొదట్లో నల్ల చుక్క కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అక్కడివి సన్నగా, తెల్లగా ఉన్నాయి. చుక్క ఉందంటే ఉంది, లేదంటే లేదు. "అదీ పరిగెనే, ఇదీ పరిగెనే కొడుకా" అంది అత్తమ్మ. నాకు మాత్రం మనసొప్పలేదు.

పాకాల అనేది కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువని చదువుకున్నాం. 800 ఏళ్లు దాటింది. పరిగె ఏడాది తిరిగేలోపే గుడ్లకు వస్తుంది. అంటే ఆ చెరువులో 800 తరాల పరిగెలు పుట్టి పోయాయి. ఆఫ్రికాలో ఒక్క విక్టోరియా సరస్సులోనే దాదాపు 500 జాతుల చేపలు పుట్టాయంటారు. కేరళలో 2018 వరదల తర్వాత పొలంలో పాములాంటి చేప ఒకటి బయటపడితే 2019లో కొత్త జాతి అని పేరు పెట్టారు. అక్కడ పుట్టినప్పుడు మన దగ్గర ఎందుకు పుట్టకూడదు? పాకాల పరిగె ఇప్పటికే వేరే జాతి అయిందని, మనమే పట్టించుకోలేదని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

మత్తడి:
తమ్మీ, నేను కాదనేవాణ్ని. మాది ములుగు దిక్కు, చేపలు పట్టే ఇల్లు. మేం వాటిని పరకలంటాం.

నువ్వు చెరువును గిన్నె అనుకుంటున్నావు. మన చెరువు గిన్నె కాదు, గొలుసులో ఒక కడియం. పైచెరువు నిండితే మత్తడి (అలుగు) దుంకి కింది చెరువులోకి, అది నిండితే ఇంకో దాంట్లోకి. కాకతీయులు కట్టిందే అట్లా. మొదటి పెద్ద వాన పడి మత్తడి పారిన రాత్రి ఎప్పుడైనా నిలబడి చూశావా? టార్చి కొడితే చాలు. బెత్తెడు నీళ్లు రాళ్ల మీద నుంచి జారుతుంటే పరకలు, జెల్లలు ఆ నీళ్లకు ఎదురెక్కుతుంటాయి. ఎగిరి రాయి మీద పడతాయి, జారతాయి, మళ్లీ ఎగురుతాయి. తెల్లారేసరికి కిందున్నవి మీదికి, మీదున్నవి కిందికి వచ్చేస్తాయి. కొర్రమట్ట (కొర్రమీను) అయితే నీళ్లు కూడా చూడదు. గాలి పీల్చుకునే చేప కదా, వాన పడ్డ రాత్రి తడి గడ్డి మీద పాక్కుంటూ ఒక కుంట నుంచి ఇంకో కుంటకు పోతుంది. పొలం గట్టు మీద నేను చేత్తో పట్టాను.

ఏటా ఇట్లా కలిసిపోయే చేపలు వేరే జాతి ఎట్లా అవుతాయి?

నర్సంపేట:
అన్నా, మత్తడి సంగతి ఒప్పుకుంటా. కానీ పాకాల చిన్న కుంట కాదు. చుట్టూ అడవి, గుట్టలు. దానికి పైన పెద్ద చెరువులు లేవు. కింది నుంచి నాలుగు చేపలు ఎక్కినంత మాత్రాన లోపలున్న లక్షల చేపలు మారిపోతాయా?

హన్మకొండ లెక్చరర్:
డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇద్దరూ మంచి చోట పట్టుకున్నారు. కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా ఒక మాట. కేరళ చేప "కొత్తగా దొరికింది", "కొత్తగా పుట్టింది" కాదు. భూమి లోపలి నీళ్లలో దాక్కున్న పాత వంశం అది. మన కొర్రమీను వంశం నుంచి కోట్ల ఏళ్ల కిందటే విడిపోయింది. మనుషుల కంటబడటం మాత్రం నిన్న మొన్న జరిగింది. పేపర్లో "కొత్త జాతి" అని చదివిన ప్రతిసారీ ఈ రెండింట్లో ఏదో అడగాలి. నూటికి తొంభై తొమ్మిది సార్లు దొరికిందనే అర్థం.

ఇక నాలుగు చేపల సంగతి. వినడానికి చిత్రంగా ఉంటుంది గాని, లెక్క ఎప్పుడో తేలింది. రెండు చెరువుల మధ్య తరానికి ఒక్క చేప అటు నుంచి ఇటు వచ్చి గుడ్లు పెడితే చాలు, రెండు మందలూ వాటంతటవి దూరం జరిగిపోకుండా ఆగుతాయి. మంద ఎంత పెద్దదైనా ఆ ఒక్కటే. ఎందుకంటే మంద పెద్దదయ్యేకొద్దీ అది సొంతంగా మారే వేగం కూడా అంతే తగ్గుతుంది. మత్తడి రాసిన ఆ ఒక్క రాత్రి మీ 800 తరాలనూ మళ్లీ మొదటికి తెస్తుంది.

భూమి మీద ఉన్న నీటిలో నదులు, సరస్సుల్లో ఉన్నది పదివేల వంతుల్లో సుమారు ఒక వంతు. చేప జాతుల్లో మాత్రం సగం దాకా మంచినీటివే. ఇంత కొంచెం నీళ్లలో అన్ని జాతులు ఎందుకు? సముద్రం అంతా ఒక్కటే. వాగులు వేలు. ఒక వాగు చేప గట్టు దాటి పక్క వాగుకు పోలేదు. ఆ గట్టే జాతులను పుట్టిస్తుంది. మన గొలుసుకట్టు చెరువుల్లో లేనిది ఆ గట్టే.

మీరు చూసిన వెడల్పు, చుక్క గురించి ఒక పని చేయండి. ఒకే చెరువులో పట్టిన పరిగెలను సగం తెల్ల బకెట్లో, సగం నల్ల కుండలో వేసి పొద్దున నుంచి సాయంత్రం దాకా ఉంచండి. తెల్ల బకెట్లోవి వెలిసిపోతాయి, చుక్క కూడా పలచబడుతుంది. చర్మంలో నల్ల రంగు కణాలు ఉంటాయి. అడుగు తెల్లగా ఉంటే వాటిలోని రంగు ముడుచుకుంటుంది, నల్లగా ఉంటే పరుచుకుంటుంది. వెడల్పేమో తిండిని బట్టి, పారకాన్ని బట్టి మారుతుంది. బురద నీళ్ల చెరువులో పరిగె తెల్లగా ఉండటం, నాచు ఉన్న తేట నీళ్లలో నల్లగా ఉండటం మామూలే. ఒక్క జాతే రెండు తీర్లు కనబడొచ్చు.

మానేరు:
సార్, నమస్తే. నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను, మాది కరీంనగర్. మీ మాట సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోలేను.

గట్టు లేకపోతే జాతి పుట్టదన్నారు. నికరాగువాలో అపోయో అని ఒక సరస్సు ఉంది. అగ్నిపర్వతం నోట్లో నీళ్లు నిండి ఏర్పడింది, వయసు 23 వేల ఏళ్ల లోపే. గుండ్రంగా ఉంటుంది, మధ్యలో గట్టు గానీ ద్వీపం గానీ లేదు. దాంట్లోకి మైడాస్ సిక్లిడ్ అనే లావుపాటి చేప వచ్చి చేరింది. అది అడుగున తిరిగి తినే రకం. దాని నుంచే సన్నగా బాణంలా ఉండి నడి నీళ్లలో ఈదే ఇంకో జాతి అదే సరస్సులో పుట్టింది. రెండూ పక్కపక్కనే బతుకుతాయి, జత మాత్రం తమ రకంతోనే కడతాయి. అడుగున తినడానికి ఒక ఒళ్లు పనికొస్తుంది, నడి నీళ్లకు ఇంకో ఒళ్లు. మధ్యరకం పిల్ల రెండు చోట్లా వెనకబడుతుంది. అప్పుడు తన రకాన్నే ఎంచుకునే చేప పిల్లలే మిగులుతాయి. గట్టు నీళ్ల బయటే ఉండక్కర్లేదు సార్, చేప ఎంపికలోనే ఉండొచ్చు.

విక్టోరియాలో ఇది ఇంకా బాగా కనబడుతుంది. అక్కడ దగ్గరి చుట్టాలైన రెండు చేపలున్నాయి. ఒకదాని మగది నీలం, ఇంకోదాని మగది ఎరుపు. నీలంవి ఒడ్డు దగ్గర పైనీళ్లలో, ఎర్రవి కాస్త లోతులో ఉంటాయి. లోతుకు పోయేకొద్దీ ఆ సరస్సులో నీలం వెలుతురు తగ్గి ఎరుపు మిగులుతుంది. లోతులో ఉండేవాటి కళ్లు ఎరుపును బాగా పట్టేలా మారాయి. ఆ కళ్లతో చూసే ఆడ చేపకు ఎర్ర మగవే నచ్చుతాయి. కంటిలో ఒక జన్యువు మారితే జత మారింది, జత మారితే జాతి మారింది. ఆ సరస్సు సుమారు 15 వేల ఏళ్ల కిందట ఎండిపోయి మళ్లీ నిండింది. అంటే ఈ జాతుల్లో ఎక్కువ భాగం ఆ తర్వాతివే.

ఇక వేగం అంటారా, స్టికిల్‌బ్యాక్ అనే ముల్లు చేపను చూడండి. అలాస్కాలో లోబర్గ్ అనే సరస్సులో 1982లో మందు కొట్టి చేపలన్నిటినీ చంపేశారు. తర్వాత సముద్రం నుంచి స్టికిల్‌బ్యాక్‌లు ఎక్కి వచ్చాయి. వాటి ఒంటికి రెండు పక్కలా పలకల కవచం ఉంటుంది. 1990లో చూస్తే దాదాపు అన్నీ నిండు కవచంవే. తర్వాత పదేళ్లు తిరిగేసరికి తక్కువ పలకలవే ఎక్కువయ్యాయి. పదేళ్లకే అంత మార్పు వస్తే 800 ఏళ్లు తక్కువ కాలమా?

హన్మకొండ లెక్చరర్:
బాగా రాశావమ్మా. చదువుతుంటే సంతోషమేసింది. కానీ లోబర్గ్‌లో పుట్టింది కొత్త జాతి కాదు, మారిన మంద. సముద్రం చేపల్లోనే తక్కువ పలకల జన్యువు ఎక్కడో అరుదుగా దాగి ఉంటుంది. మంచినీళ్లలో దానికి లాభం కలిగి పైకి వచ్చింది. మార్పు వేరు, జాతి విడిపోవడం వేరు. మొదటిది పదేళ్లలో జరుగుతుంది. రెండోది జరగాలంటే ఆ మార్పు జత కట్టడం దాకా పోవాలి.

అపోయో మాత్రం నిజంగా గట్టి ఉదాహరణ, దాన్ని నేను తోసిపుచ్చను. అయితే ఆ సరస్సులోకి మైడాస్ వచ్చినప్పుడు నడి నీళ్లు ఖాళీ. పోటీ లేదు. ఖాళీ ఇంట్లోకి వచ్చినవాడు అన్ని గదులూ వాడుకుంటాడు. పాకాల కట్టిన రోజు ఏం జరిగింది? వాగుకు కట్ట వేశారు. ఆ వాగులో అప్పటికే అందరూ ఉన్నారు. అడుగున జెల్లలు, బొమ్మిడాయిలు. మీద తేలుతూ చందమామలు. వేటాడటానికి వాలుగ, కొర్రమీను. నడి నీళ్లలో పరిగెలే రెండు మూడు రకాలు. మొదటి రోజే ఇల్లు నిండిపోయింది. పరిగె నడుమ సన్నబడి కొత్త గదిలోకి పోదామంటే ఆ గదిలో వేల ఏళ్ల నుంచి ఇంకొకరు కాపురం ఉంటున్నారు.

మత్తడి:
సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. వల లాగితే పది రకాలు పడతాయి. ఖాళీ ఎక్కడిది?

హ్యాచరీ:
నేను కరీంనగర్ దగ్గర ఒక హ్యాచరీలో పదకొండేళ్లుగా పని చేస్తున్నాను. మీ మాటలన్నీ చదివాక నాకు అసలు ప్రశ్నే వేరేగా కనబడుతోంది. జాతి అంటే ఏంటి?

చదువుకున్నవాళ్లు "ఒకదానితో ఒకటి జత కట్టి, పుట్టిన పిల్లలకు మళ్లీ పిల్లలు పుడితే ఒకే జాతి" అంటారు. సరే. బొచ్చెకు, రవ్వకు పుట్టిన పిల్లలకు పిల్లలు పుడతాయి. నేను కళ్లారా చూశాను. బొచ్చె అంటే పుస్తకాల్లో కట్ల, రవ్వ అంటే రోహు. ఆ సంకరం చేపకు బొచ్చె కన్నా తల చిన్నగా, ఒళ్లు నిండుగా ఉంటుంది. అదే బంగారు తీగకు, రవ్వకు కలిపితే పుట్టేది గొడ్డుదే.

ఎట్లా కలుస్తాయో కూడా చెబుతాను, తెలియనివాళ్లు చాలామంది ఉంటారు. రవ్వ, బొచ్చె నిలకడ నీళ్లలో గుడ్లు పెట్టవు. వరద పారితేనే పెడతాయి. అందుకే సాయంత్రం ఇంజెక్షన్ ఇస్తాం. తల్లి చేపను తడి గుడ్డలో చుట్టి ఒడిలో పెట్టుకుని, పొలుసు కింద సూది పెట్టాలి. తర్వాత గుండ్రటి సిమెంటు తొట్టిలో వదిలి నీళ్లు సుడి తిరిగేలా పైపులు తిప్పుతాం. నాలుగు నుంచి ఆరు గంటల్లో, నడిరాత్రి వేళ నీళ్లు ఒక్కసారిగా కలబడతాయి. తోకలు టపటపా కొట్టుకుంటాయి. లైటు వేసి దోసిట్లోకి తీసుకుంటే గుడ్లు ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తుంటాయి. పదేళ్లు దాటినా ఆ గుడ్లు చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది. గుడ్డు, మగ చేప పాలు (వీర్యం) కలిసేది నీళ్లలోనే, చేప ఒంట్లో కాదు. ఒకే తొట్టిలో రెండు రకాల చేపలను వేస్తే ఎవరి పాలు ఎవరి గుడ్డుకు తగిలాయో ఎవరికీ తెలియదు. తొందరలో అట్లా వేసినవాళ్లూ ఉన్నారు. తర్వాత ఆ పిల్లలు చెరువుల్లోకి పోతాయి.

ఈ పద్ధతికి ఆద్యుడు హీరాలాల్ చౌధురి. ఒడిశాలోని అంగుల్‌లో 1957 జూలై 10న చేప మెదడు కింది గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి మొదటిసారి గుడ్లు పెట్టించారు. అందుకే ఏటా ఆ రోజు చేప రైతుల దినం. ఆయన పుణ్యాన మనందరి పళ్లెంలో చేప ఉంది, అందులో రెండో మాట లేదు. కానీ సూదితో జత కట్టించగలిగినప్పుడు రవ్వ, బొచ్చె వేరు జాతులని ఏ లెక్కన అంటున్నాం?

మానేరు:
అన్నా, ఎర్న్‌స్ట్ మేయర్ అనే జీవశాస్త్రవేత్త 1942లో జాతి నిర్వచనం ఇచ్చినప్పుడు చూసింది ప్రకృతిలో ఏం జరుగుతుందనే. తొట్టిలో ఏం చేయించగలం అన్నది కాదు. నదిలో రవ్వ, బొచ్చె ఒకే వరదలో గుడ్లు పెడతాయి, అయినా రవ్వ రవ్వగా, బొచ్చె బొచ్చెగా వేల ఏళ్లు మిగిలాయి కదా. అక్కడక్కడా సంకరం పుట్టినా రెండు మందలూ కలిసిపోలేదు. మీ తొట్టి చేపకు ఎంపిక లేకుండా చేస్తుంది. నది ఎంపిక ఇస్తుంది.

గొడ్డుది ఎందుకు పుట్టిందో చెప్పనా? రవ్వ, బొచ్చె కణాల్లో 50 క్రోమోజోములుంటాయి. బంగారు తీగలో 100. ఎప్పుడో దాని పూర్వీకుల్లో మొత్తం జన్యువుల మూట రెండింతలైంది. పిల్లకు ఒకవైపు నుంచి 25, ఇంకోవైపు నుంచి 50 వస్తే అవి జతలుగా కుదరవు. జాతి పుట్టడానికి అది ఇంకో దారి. గట్టు లేకుండా, ఎంపిక లేకుండా, ఒకట్రెండు తరాల్లోనే అడ్డుగోడ లేచే దారి.

హ్యాచరీ:
ఈ లెక్క నాకు ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు చెల్లె. పదకొండేళ్లుగా "గొడ్డుదే పుడుతుంది" అని మాత్రం తెలుసు. థ్యాంక్స్.

నర్సంపేట:
అయితే నా వాదన ఓడిపోయినట్టేనా? సార్ ఖాళీ ఇల్లు అన్నారు. అన్న మత్తడి అన్నాడు. సరే, పాకాల చెరువులో పుట్టలేదనుకుందాం. కానీ పాకాలకూ రామప్పకూ మధ్య తేడా ఉండొచ్చు కదా? అవి ఒకే గొలుసులో లేవు. పాకాల నీళ్లు మున్నేరులోకి, మున్నేరు కృష్ణలోకి పోతాయి. రామప్ప నీళ్లు గోదావరిలోకి. మధ్యలో ఎక్కడా కలవవు.

హన్మకొండ లెక్చరర్:
మీరు ఓడిపోలేదు నాయనా. ఇప్పుడు సరైన చోటికి వచ్చారు. నేనే ముందు రాయాల్సిన మాట ఇది.

మన వరంగల్ నేల రెండు నదుల మధ్య వెన్నెముక లాంటిది. ఒకే వాన కురుస్తుంది. ఈ వాలున పడ్డ చుక్క ఆకేరు, మున్నేరు వెంట కృష్ణకు పోతుంది. ఆ వాలున పడ్డది గోదావరికి. మధ్యలో ఉన్నది పెద్ద కొండలేం కావు, చాలాచోట్ల ఒట్టి మిట్ట. మనిషి నడుస్తూ దాటితే గమనించడు కూడా. పరిగెకు మాత్రం అదే ప్రపంచం అంచు. అక్కడ మత్తడి లేదు, ఎదురెక్కడానికి వాగు లేదు. ఈ గట్టు వయసు 800 ఏళ్లు కాదు, కాకతీయుల కన్నా, మనిషి కన్నా పాతది.

అట్లాగని రెండు వైపులా వేరు జాతులే ఉన్నాయని చెప్పలేం. పెద్ద చేపలకు కింద దారి ఉంది. కొల్లేరు రెండు డెల్టాల మధ్యే ఉంది కదా. పెద్ద వరదల్లో డెల్టా నీళ్లు కలిసినప్పుడు నది చేపలు అటూ ఇటూ మారి ఉంటాయి. 1850ల్లో ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు వచ్చాక కాలువలు కూడా తోడయ్యాయి. కానీ అడవి వాగుల్లో, రాళ్ల మధ్య బతికే చిన్న చేప డెల్టా దాకా దిగదు. దానికి ఆ మిట్టే గోడ. ఎక్కడైనా విడిపోవడం జరిగి ఉంటే ఆ వాగు చేపల్లోనే జరిగి ఉండాలి. కొర్రమీను కుటుంబంలోనే చిన్నది ఒకటి ఉంది, శాస్త్రంలో చన్నా గాచువా అంటారు. పశ్చిమాన ఇరాన్ దిక్కు నుంచి తూర్పున ఆగ్నేయాసియా దాకా అంతా ఒకటే జాతి అని చాలాకాలం అనుకున్నారు. జాగ్రత్తగా చూసేకొద్దీ అది ఎన్నో జాతుల గుంపని తేలుతోంది. పైకి ఒకే తీరుగా ఉండి లోపల వేరుపడిన చేపలు ఇట్లాగే దాగి ఉంటాయి.

మత్తడి:
సార్, ఇక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. ఆ గోడ ఇంకా ఉందా?

శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ గోదావరి నీళ్లను వరంగల్, మహబూబాబాద్ మీదుగా ఖమ్మం దిక్కు కృష్ణా వాగుల నేలకు తెచ్చింది. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు గోదావరి నుంచి ఎక్కుతున్నాయి. రామప్ప నుంచి పాకాలకు నీళ్లు ఎత్తిపోసే పని కూడా చేపట్టారు. నీళ్లు వద్దని నేననను. మా చుట్టాల పొలాలు దాంతోనే పండుతాయి. కానీ నీళ్లతో చేప రాదా? గుడ్డు రాదా? ఇగ ఏటా వానాకాలంలో చెరువుల్లోకి వదిలే రవ్వ, బొచ్చె, మోసు, బంగారు తీగ పిల్లల సంగతి ఉండనే ఉంది. ఆ పిల్లలు వచ్చే సంచుల్లో వేరే చిన్న చేపలు కలిసి వస్తాయి. నేను ఏరి పక్కన పెట్టాను, మా దగ్గర ఎన్నడూ చూడని రకాలు. తిలాపియా సంగతి సరేసరి, అది వచ్చాక మాకు పరకలు సగం కూడా పడటం లేదు.

మానేరు:
అన్నా, కలవడం అన్నివేళలా చెడ్డదే అనుకోవద్దు. విక్టోరియాలో అన్ని జాతులు ఎట్లా పుట్టాయో తెలుసా? కాంగో వైపు నుంచి వచ్చిన వంశం ఒకటి, నైలు వైపుది ఇంకొకటి, లక్షన్నర ఏళ్ల కిందట కలిసి సంకరమయ్యాయి. రెండు వంశాల జన్యువులు ఒక్క చోట చేరేసరికి కళ్లు, దవడలు, రంగులు ఎన్నో తీర్లుగా కుదిరే వీలు దొరికింది. తర్వాత వందల జాతులుగా విడిపోయాయి. గోదావరి పరిగె, కృష్ణా పరిగె కలిస్తే అట్లాంటిదే జరగదని ఎందుకనుకోవాలి?

హన్మకొండ లెక్చరర్:
ఇక్కడ మాత్రం నేను నీతో గట్టిగా విభేదిస్తాను తల్లీ. అక్కడ కలిసిన వంశానికి తర్వాత కొత్తగా నిండిన ఖాళీ సరస్సు దొరికింది. మనకు అది ఎక్కడిది? విడిపోవడానికి వేల ఏళ్లు, కలిసిపోవడానికి పదేళ్లు. కెనడాలో ఈనస్ అనే సరస్సులో స్టికిల్‌బ్యాక్‌లు రెండు రకాలుగా, అడుగుది ఒకటి, నడి నీళ్లది ఒకటిగా ఉండేవి. బయటి నుంచి క్రేఫిష్ అనే రొయ్యలాంటి జీవి వచ్చి చేరాక ఆ రెండూ సంకరమై ఒకే మందగా కలిసిపోయాయి. నువ్వు చెప్పిన విక్టోరియా నీలం, ఎరుపు చేపలు కూడా అంతే. నీళ్లు బురదై రంగు కనబడని చోట ఆడ చేప పొరబడుతోంది, రెండూ కలిసిపోతున్నాయి. ఎంపికే గట్టు అన్నావు. ఆ గట్టును బురద కోసేసింది.

మన దగ్గరికి వద్దాం. కావేరిలో మూపు ఉన్న మహసీర్ ఒకటి ఉంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. బలిసిన చేప నిలువెత్తు పిల్లాడంత ఉంటుంది. మంచి ఉద్దేశంతోనే హ్యాచరీలో పెంచిన దక్కను మహసీర్‌ను అదే నదిలో వదిలారు. అది పెరిగింది, మూపు మహసీర్ అంతరించే అంచుకు చేరింది. దానికి శాస్త్రీయంగా పేరు ఖాయమైంది 2018లో. పేరు తేలేలోపే చేప పోయేలా ఉంది. మన మిట్టకు రెండు వైపులా ఏం ఉందో చూడకముందే కలిపేస్తే, ఏం పోయిందో కూడా మనకు తెలియదు. నాకు బాధ కలిగించేది అదే.

మానేరు:
సార్, సంకరం నుంచి జాతులు పుడతాయన్న మాట నేను వదులుకోను, దానికి రుజువులున్నాయి. కానీ కలపకముందు చూడాలన్నది మాత్రం ఒప్పుకుంటున్నాను. ఒకసారి కలిస్తే ఏది ఎక్కడిదో డీఎన్ఏ కూడా సరిగా చెప్పలేదు.

నర్సంపేట:
అయితే చూద్దాం సార్. మాటలతో ఎన్ని రోజులు? ఏం చేయాలో చెప్పండి, చేపలు నేను తెస్తాను.

హన్మకొండ లెక్చరర్:
పెద్ద ఖర్చేం కాదు. కనీసం నాలుగు చోట్ల నుంచి కావాలి. పాకాల చెరువు, దానికి పైన అడవిలో వాగు, రామప్ప చెరువు, దాని పైన వాగు. చెరువును, వాగును విడివిడిగా ఎందుకంటే, చెరువులోది కలిసిపోయి ఉండొచ్చు, పై వాగులోది ఇంకా పాతదిగా మిగిలి ఉండొచ్చు. ఒక్కో చోట 30 పరిగెలు. ఒకటి రెండు చూసి తీర్పు చెప్పకూడదు.

ముందు ఒకే తెల్ల పళ్లెంలో, ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. తర్వాత చెంప పక్క నుంచి తోక మొదలు దాకా పొలుసుల మీద సన్న గీత పోతుంది, పార్శ్వ రేఖ అంటాం. ఆ గీత మీద పొలుసులు లెక్కపెట్టండి. గుండుసూది మొనతో ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కిస్తే తప్పు పోదు. కొన్ని రకాల్లో ఆ గీత మధ్యలోనే ఆగిపోతుంది, అదీ రాయండి. వీపు రెక్కలో ముళ్లు లెక్కపెట్టండి. రంగు మారినంత సులువుగా ఇవి మారవు. చివరగా తోక రెక్క నుంచి గోరంత ముక్క కత్తిరించి 95 శాతం ఆల్కహాల్ సీసాలో వేసి, చోటు, తేదీ పెన్సిల్‌తో రాసి లోపలే వేయండి. పెన్ను ఇంకు ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. పాకాల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి తీసుకున్నాకే వాగులో దిగాలి. ఆ దరఖాస్తు నేను రాస్తాను.

మానేరు:
సీసాలు, ఆల్కహాల్ నేను తెస్తాను. మా ల్యాబ్‌లో డీఎన్ఏ తీసే వీలుందేమో మేడంని అడుగుతాను. సార్, నా పందెం ఇప్పుడే రాసి పెడుతున్నా. రెండు చెరువుల పరిగెలూ ఒక్కటే అని తేలుతుంది, రెండు పై వాగులవి వేరని తేలుతుంది.

హన్మకొండ లెక్చరర్:
నా అంచనా కూడా దాదాపు అదే. కాకపోతే వేరని తేలినా "జాతి" అనే మాట అప్పుడే వాడను. "విడిపోతున్న మందలు" అంటాను.

నర్సంపేట:
నేను మాత్రం పాకాల చెరువుది కూడా వేరే అని ఇంకా అంటున్నా. పొలుసులు లెక్కపెట్టాక ఓడిపోతే ఒప్పుకుంటా.

హ్యాచరీ:
మా దగ్గరికి వచ్చే సంచుల్లో కలిసిన చిన్న చేపలను ఈసారి పారేయకుండా సీసాలో వేసి ఉంచుతాను. ఏ నది నుంచి ఏం వస్తోందో అదీ తెలియాలి.

మత్తడి:
మృగశిర కార్తె దాకా ఆగితే వాన పడి వాగు పారుతుంది, అప్పుడు ఎక్కడి చేప ఎక్కడిదో చెప్పలేం. మే మొదటి వారంలో పోదాం. అప్పటికి పై వాగు తెగి మడుగులు మడుగులుగా మిగులుతుంది. నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు, విసురు వల అక్కర్లేదు, బుట్ట చాలు. అనుమతి కాగితం చేతికి రాగానే చెప్పండి సార్, బుట్టలు నేను అల్లించి పెడతా.